బుట్టలో మిగిలిన పత్రి

మాణిక్యాంబ గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. అది ఆవిడ అలవాటు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, భీమవరంలోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పడానికి ఒప్పుకున్నారు. ఒకసారి ఒకతను, "ప్రోగ్రాములో పేర్లు ఇంత పొడుగ్గా ఎందుకు మేడం, ఒక్క అక్షరం పెట్టుకుంటే చాలదా?" అని అడిగాడు. ఆవిడ అతని చేతికి ఒక కవరిచ్చి, "ఇది రాజు గారింట్లో ఇచ్చిరా" అన్నారు. వీధికి పదిమంది రాజు గార్లుండే భీమవరంలో రాజు గారిల్లు ఎక్కడని అడిగితే ఎన్ని గుమ్మాలు ఎక్కాలో ఆ ఊరివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అతను మధ్యాహ్నానికి కవరుతో సహా తిరిగి వచ్చి, ఎవరూ చెప్పకుండానే తన ప్రోగ్రాములో పేర్లన్నీ మార్చుకున్నాడు. నేను ఆ ఆఫీసులో టెస్టింగ్ చూసేదాన్ని కనుక ఇలాంటివి చాలానే చూశాను. ఊర్మిళ సంగతి వాటిలో ఒకటి.

మా ఆఫీసు రొయ్యల చెరువుల కోసం సాఫ్ట్‌వేర్ చేసేది. చెరువు నీటిలో ఆక్సిజన్ ఎంత ఉందో మీటర్లు కొలుస్తాయి. ఆ లెక్క రైతు ఫోనులో కనబడుతుంది. ఆక్సిజన్ పడిపోతే రొయ్యలకు ఊపిరాడదు. అప్పుడు నీళ్ళను చిలికే చక్రాలు, అంటే ఏరేటర్లు, వెంటనే తిరగాలి. వాటి సంగతంతా వివరిస్తూ రైతులకు తెలుగులో ఒక చిన్న పుస్తకం రాసే పని ఊర్మిళకు అప్పగించారు. దానితోపాటు ప్రోగ్రాములో పాత కామెంట్లు సరిచేసే పని కూడా. కామెంట్లంటే ప్రోగ్రాము మధ్యలో, కంప్యూటరు పట్టించుకోకుండా వదిలేసే మాటలు. తరువాత ఆ ప్రోగ్రాము చదవబోయే మనుషుల కోసం వాటిని రాస్తారు.

ఊర్మిళది ఆకివీడు. చురుకైన పిల్ల, ట్రైనింగులో ఉంది. ఆఫీసు యజమాని రంగరాజు గారు ముందే చెప్పేశారు. పుస్తకం బాగుంటే ప్రోగ్రాములు రాసేవాళ్ళలో ఉంచుతారు. బాగోకపోతే కాల్స్‌లో కూర్చోబెడతారు. కాల్స్ అంటే చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని రోజంతా రైతుల చేత తిట్లు తినే గది. ప్రోగ్రాములు రాయడానికే చదువుకున్న పిల్లకు ఆ గది తలుపు చూస్తేనే గుండె జారిపోయేది. పుస్తకమేమో వినాయకచవితి మర్నాడే ప్రెస్సుకు వెళ్ళాలి.

మొదటి ప్రతి ఊర్మిళ తనకు తోచినట్టు రాసింది. "నేను ఇక్కడ నాలుగు బటన్లు పెట్టాను. పచ్చ బటన్ ఎందుకు పెట్టానంటే..." అని. రంగరాజు గారు చదివి, "ఈ 'నేను' ఎవరమ్మా? రైతు మీ ఇంటికి పెళ్ళిచూపులకొచ్చాడా, నీ గురించి చెప్పడానికి?" అన్నారు. సీనియర్ కిరీటి, "మనం అని రాయి ఊర్మిళా, ఇప్పుడందరూ అలాగే రాస్తున్నారు, స్నేహంగా ఉంటుంది" అని సలహా ఇచ్చాడు. రెండో ప్రతి ఆ ప్రకారం తయారైంది. "ఇప్పుడు మనం చెరువుని ఎంచుకుందాం. ఇప్పుడు మనం పచ్చ బటన్ నొక్కుదాం." దానికి రంగరాజు గారు, "రైతు గట్టు మీద ఒక్కడే ఉంటాడు. మనం అంటే వాడు భయపడి వెనక్కి తిరిగి చూస్తాడు" అన్నారు. చివరికి ఆయనే దారి చూపించారు. కరెంటాఫీసు కాగితాలంటే ఆయనకు గౌరవం. వాటిలో ఎవరూ ఏమీ చెయ్యరు, అంతా చేయబడుతుంది. మూడో ప్రతిలో బటన్ నొక్కబడింది, చెరువు ఎంచుకోబడింది, లెక్క చూపబడింది. "నొక్కబడును సరే, ఎవరిచేత? దెయ్యం చేతనా?" అని కిరీటి నవ్వాడు. రంగరాజు గారు మాత్రం, "ఇదీ దర్జా అంటే. చవితికి స్వామి దగ్గర పెట్టి, మర్నాడు పంపిద్దాం. అప్పుడు ఇంకోసారి చదివి నీ సంగతి తేలుస్తాను" అన్నారు.

ఊర్మిళకు అది దర్జాగా అనిపించలేదు. తాను రాసింది తనకే అర్థం కాకుండా ఉంది. చవితి ముందు రోజు సాయంత్రం మాణిక్యాంబ గారి బల్ల దగ్గరకు వెళ్ళి నిలబడింది. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"మేడం, రాసేటప్పుడు నేను అనాలా, మనం అనాలా, మీరు అనాలా, అసలు ఎవర్నీ అనకుండా ఊరుకోవాలా? కామెంట్లలో కూడా ఇదే గొడవ. ఒకచోట 'దీన్ని నేను తర్వాత మారుస్తాను' అని ఉంది. ఆ నేను ఉద్యోగం మానేసి హైదరాబాదు వెళ్ళిపోయి చాలాకాలమైందట. ఇంకొకచోట ఎవరి పేరూ లేకుండా 'చేయాలి' అని ఉంది. మీరు ఏదో ఒకటి చెప్పెయ్యండి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అదే రాసేస్తాను."

"రేపు మన పూజకి సోమయాజులు గారు వస్తారో రారో తెలీదు" అన్నారు మాణిక్యాంబ గారు. "రాకపోతే వ్రతకల్పం పుస్తకం నువ్వు చదువు."

"పూజకీ నేనడిగినదానికీ..."

"చదివాక అడుగు."

చవితి నాడు భీమవరంలో పురోహితుడు దొరకడమంటే మాటలు కాదు. సోమయాజులు గారు ఫోను చేసినప్పుడల్లా "బయల్దేరానండీ" అన్నారు. ఏ ఇంటి నుంచి బయల్దేరారో, ఏ ఇంటికి బయల్దేరారో మాత్రం చెప్పలేదు. రంగరాజు గారి సొంత ఇంట్లో పూజ తెల్లవారుజామునే సోమయాజులు గారి చేతుల మీదుగానే అయిపోయింది. ఆఫీసు పూజ వేళకు ఆయన మా చేతిలోంచి జారిపోయారు.

హాల్లో పాలవెల్లి కట్టాం. మట్టి వినాయకుడి ముందు మా లాప్‌టాప్‌లన్నీ కుంకుమ బొట్లతో వరసగా ఉన్నాయి. వాటి పక్కన నాలుగు మూలలా పసుపు రాసిన ఊర్మిళ పుస్తకం. ఇరవై ఒక్క రకాల పత్రి పెద్ద బుట్ట నిండా ఉంది. ఉండ్రాళ్ళు మాణిక్యాంబ గారు ఇంటి నుంచి వండి తెచ్చారు, ఇంకా ఆవిరి వస్తోంది. రంగరాజు గారు పట్టుపంచె కట్టుకుని పీట మీద కూర్చుని, చేతులు జోడించి, కళ్ళు మూసుకున్నారు. ఆయన భక్తి గురించి ఎవరికీ సందేహం లేదు. అయితే ఆయనకు తెలిసిన పూజ ఒకటే రకం. చెవి పక్కనే ఒక గొంతు "నీళ్ళు వదలండి, అక్షతలు వెయ్యండి, దణ్ణం పెట్టండి" అంటుంటుంది. అన్నప్పుడల్లా ఆయన చేస్తారు. చిన్నప్పటి నుంచి ఆయన పూజలన్నీ అలాగే జరిగాయి.

ఊర్మిళకు బళ్ళో పద్యాల పోటీల్లో బహుమతులు తెచ్చిన గొంతు ఉంది. చేతిలో ఉన్న వ్రతకల్పమేమో చవకరకం అచ్చు. చదవాల్సిన మంత్రమూ, చెయ్యాల్సిన పనీ ఒకే అక్షరాల్లో, ఒకే వరసలో ఉన్నాయి. ఆ పిల్ల గొంతు సవరించుకుని, మొదటి ముక్క నుంచే రాగం ఎత్తుకుంది.

"ఆచమనము చేయవలెను..."

రంగరాజు గారు కళ్ళు తెరవకుండానే అదే రాగంలో, "ఆచమనము చేయవలెనూ" అన్నారు. ఆయన అన్నారు కనుక వెనక ఉన్న మేమందరం, "చేయవలెనూ" అన్నాం.

"ఉద్ధరిణతో నీరు పళ్ళెరమున విడువవలెను..."

"విడువవలెనూ" అన్నాం. పంచపాత్రలో నీళ్ళు కదల్లేదు. ఉద్ధరిణ పడుకోబెట్టిన చోటే ఉంది. కాసేపటికి "ఇచ్చట గంట వాయించవలెను" అని వచ్చింది. గంట కిరీటి చేతిలోనే ఉంది. "గంట వాయించవలెనూ" అని అందరికన్నా గట్టిగా పాడినవాడు కూడా అతనే. గంట మాత్రం చప్పుడు చెయ్యలేదు.

పత్రి పూజ వచ్చింది. ఒక్కొక్క నామానికి ఒక్కొక్క ఆకు స్వామి పాదాలపై ఉంచవలెనని ఊర్మిళ చదివితే, ఉంచవలెనని మేమూ అన్నాం. మాచీపత్రం, బిల్వపత్రం, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి... ఆ పిల్ల ఒక్క ఆకు పేరు కూడా తప్పు పలకలేదు. ప్రతి పేరు తరువాతా అందరం ఒక్క గొంతుతో "పూజయామి" అన్నాం. హాలు దద్దరిల్లింది. చదివేది తాను కనుక వేసేది పీట మీదున్న ఆయనని ఊర్మిళ అనుకుంది. వెయ్యాల్సిన వేళకు ఎవరో ఒకరు వెయ్యమంటారని పీట మీదున్న ఆయన అనుకున్నారు. పెద్దాయన కూర్చుని ఉండగా మధ్యలో మనకెందుకని మేము అనుకున్నాం. మాణిక్యాంబ గారు ఏమనుకున్నారో తెలీదు. మొదటి నుంచీ గోడకు ఆనుకుని, కళ్ళు తెరుచుకునే నిలబడి ఉన్నారు.

కథ కూడా అయిపోయాక రంగరాజు గారు తృప్తిగా కళ్ళు తెరిచారు. ఎదురుగా వినాయకుడు సంతలోంచి ఎలా వచ్చాడో అలాగే ఉన్నాడు. ఒక్క నీటి చుక్క లేదు, ఒక్క అక్షింత లేదు, ఒక్క ఆకు లేదు. పత్రి బుట్ట నిండుగా ఉంది.

"ఇదేటమ్మా, ఆకులన్నీ ఇక్కడే ఉన్నాయి?"

"నేను చదివాను సార్" అంది ఊర్మిళ.

"నేనూ అన్నాను కదా."

"మేము కూడా అన్నామండి" అన్నాడు కిరీటి. "గట్టిగానే అన్నాం."

"మేడం గారూ, మీరు చూస్తూ ఊరుకున్నారా?"

"నన్నెవరూ ఏమీ చెయ్యమనలేదండి" అన్నారు మాణిక్యాంబ గారు.

రంగరాజు గారికి కోపమొచ్చింది. పండగపూట కోపం దేవుడి మీద చూపించలేరు, మేడం గారి మీద అసలే చూపించలేరు. "అచ్చులో ఉన్న పుస్తకమే ఇలా చదివింది, ఇక ఈ అమ్మాయి రాసిన పుస్తకంతో రైతులు ఏం బాగుపడతారు? రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే చెబుతున్నాను. కాల్స్‌లో ఒక కుర్చీ ఖాళీగా ఉంది" అన్నారు. ఊర్మిళ వ్రతకల్పం మూసింది కానీ తల దించలేదు.

మాణిక్యాంబ గారు గోడ దగ్గర నుంచి కదిలారు. "కుర్చీ ఎక్కడికీ పోదులెండి. ఉండ్రాళ్ళు ఇంకా చల్లారలేదు, వినాయకుడు ఓపిక గల దేవుడు. ఊర్మిళా, మళ్ళీ మొదలెట్టు. ఈసారి పుస్తకం వైపు తక్కువ చూడు, మా వైపు ఎక్కువ చూడు."

ఊర్మిళ పుస్తకం తెరిచి, ఒక పేజీ లోలోపల చదువుకుని, తల ఎత్తింది. ఇప్పుడు గొంతులో రాగం లేదు.

"సార్, ముందు మీరు కళ్ళు తెరవండి."

ఆయన తెరిచారు.

"ఉద్ధరిణతో నీళ్ళు తీసుకుని కుడి అరచేతిలో పోసుకోండి. నేను ఒక్కో పేరు చెబుతాను, చెప్పినప్పుడల్లా ఒక గుక్క తాగండి. మీరు తాగేదాకా నేను తరువాతి పేరు చెప్పను."

ఆయన బుద్ధిగా తాగారు. తరువాత సంకల్పం దగ్గర, "ఇది నేను చదివేది కాదు సార్, మీరు అనాల్సింది. నా వెనకే అనండి. గోత్రం దగ్గర పుస్తకంలో ఖాళీ ఉంది, అక్కడ మీది చెప్పండి" అంది. ఆయన చెప్పారు. గంట వేళకు వెనక్కి తిరిగి, "కిరీటి గారూ, ఇది మీకు. పాడకండి, కొట్టండి" అంది. కిరీటి ఇందాకటి బాకీ కూడా కలిపి కొట్టాడు. వద్దని చెయ్యి చూపించేదాకా ఆపలేదు.

మధ్యలో ఒక పేజీ కింది సగం ఎప్పటిదో నూనె మరక తాగి కనబడకుండా ఉంది. మొదటిసారి అక్కడ ఊర్మిళ ఏదో గొణిగి దాటేసింది, మేమూ దాన్నే గొణిగాం. ఈసారి ఆగింది. "ఇక్కడ రెండు వాక్యాలు నాకు కనబడటం లేదు. మా ఇంట్లో ఈ చోట పువ్వు పెడతారు, అందుకని పువ్వు పెట్టమంటున్నాను. ఇది పుస్తకంలోది కాదు, నేను చెబుతున్నది. తప్పయితే నాదే" అంది. రంగరాజు గారు ఒక్క క్షణం ఆ పిల్ల వంక చూసి, పువ్వు పెట్టారు.

పత్రి పూజకు ఊర్మిళ బుట్ట తెచ్చి ఆయన ఎడమ పక్కన పెట్టింది. "ఒక్కొక్క ఆకు చేతిలోకి తీసుకోండి సార్. తీసుకున్నాక నాకు చూపించండి, అప్పుడు పేరు చదువుతాను." ఆకు వెనక ఆకు స్వామి పాదాలు కప్పేసింది. రేగు ముల్లు గుచ్చుకుని రంగరాజు గారు ఒకసారి "అబ్బా" అంటే, అలవాటు కొద్దీ వెనక ఒకరిద్దరు "అబ్బా" అన్నారు. "అది అనక్కర్లేదు" అని ఊర్మిళ వాళ్ళ వైపు చూడకుండానే అంది. నైవేద్యం దగ్గర మాత్రం ఆ పిల్లే పొరబడింది. "ఇప్పుడు ఉండ్రాళ్ళు చూపించండి" అంది. ఇందాకటి నుంచి చూపించి చూపించి అలవాటైన రంగరాజు గారు పళ్ళెం ఎత్తి ఆమెకే చూపించారు.

"నాకు కాదు సార్, స్వామికి."

"అలా చెప్పు మరి" అన్నారాయన. అప్పటికి కోపం పోయింది.

కథకు ముందు ఊర్మిళ, "ఇప్పుడు ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు, అనక్కర్లేదు. అందరం అక్షింతలు పట్టుకుని కూర్చుందాం, కథ నేను చదువుతాను" అని తాను కూడా కింద కూర్చుంది. చదివింది. తలల మీద అక్షింతలు వేసుకున్నాం. ఉండ్రాళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి.

ఆకులో పెట్టుకున్నవి తిని, అందరూ ఇళ్ళకు బయల్దేరబోతుంటే ఊర్మిళ దేవుడి దగ్గర నుంచి తన పుస్తకం తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. చేతిలో పెన్సిలు. మొదటి పేజీలో "బటన్ నొక్కబడును" దగ్గర ఆగి, కొట్టేసి, "మీరు పచ్చ బటన్ నొక్కండి" అని రాసింది. దాని కింద "లెక్క చూపబడును" కొట్టేసి, "ఫోను మీకు లెక్క చూపిస్తుంది" అని రాసింది. మూడో పేజీకి వచ్చేసరికి పెన్సిలు ఆగిపోయింది. అక్కడ "ఆక్సిజన్ తగ్గినచో ఏరేటర్లు ఆన్ చేయబడును" అని ఉంది.

"కిరీటి గారూ, ఏరేటర్లు ఎవరు వేస్తారు?"

కిరీటి చెప్పులు వేసుకుంటున్నాడు. "రైతు వేస్తాడు. మన ప్రోగ్రాము ఫోనులో అలారం మోగిస్తుంది, అంతే."

ఊర్మిళ రాయబోయి, ఎందుకో ఆగి, రంగరాజు గారి గదిలోకి వెళ్ళింది. ఊర్మిళ కోసం ఆగిన మాణిక్యాంబ గారితో పాటు నేను తలుపు దగ్గరే ఉన్నాను.

"సార్, ఏరేటర్లు ఎవరు వేస్తారు?"

"అదేం ప్రశ్నమ్మా? మిషనే వేస్తుంది. అందుకేగా ఇన్ని తిప్పలు. రైతులందరికీ అదే చెప్పాను, ఇక మీరు హాయిగా నిద్రపోండి అని."

"కిరీటి గారు రైతు వేస్తాడంటున్నారు సార్."

రంగరాజు గారు కిరీటి వంక చూశారు. కిరీటి ఒక కాలికి చెప్పుతోనే లోపలికి వచ్చి, కుంకుమబొట్టు ఉన్న లాప్‌టాప్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, ప్రోగ్రాములో ఆ చోటు వెతికి తీశాడు. అలారం మోగించే వరసల కింద ఒక కామెంటు ఉంది: "ఇక్కడ ఏరేటర్లు ఆన్ చేయాలి." రాసినవాడు హైదరాబాదులో ఉన్నాడు. దాని కింద ఏమీ లేదు.

"నేను దీన్ని చాలాసార్లు చదివానండి" అన్నాడు కిరీటి నెమ్మదిగా. "రైతు చెయ్యాల్సింది గుర్తుకోసం రాశాడనుకున్నాను."

"నేనేమో అయిపోయిందనుకున్నాను" అన్నారు రంగరాజు గారు. ఆయన చూపు హాల్లోకి, ఆకుల్లో మునిగి ఉన్న వినాయకుడి మీదికి వెళ్ళింది. "ఈ పుస్తకం ఇలాగే అచ్చయ్యుంటే, అలారం మోగినా మిషను చూసుకుంటుందిలే అని రైతు అటు తిరిగి పడుకునేవాడు" అన్నారు. "తెల్లారేసరికి చెరువంతా చచ్చిన రొయ్యలు తెల్లగా తేలేవి."

ఊర్మిళ అక్కడే నిలబడి మూడో పేజీలో వాక్యం కొట్టేసి, ఇలా రాసి ఆయనకు చూపించింది. "ఆక్సిజన్ తగ్గితే మీ ఫోను మోగుతుంది. ఏరేటర్లు వాటంతటవి తిరగవు. మీరు వెళ్ళి వెయ్యాలి." ఆయన చదివి, పెన్సిలు తీసుకుని, "వెంటనే" అని ఒక మాట చేర్చారు. తరువాత ఆ పిల్ల కిరీటి అనుమతి అడిగి, ప్రోగ్రాములో పాత కామెంటు తీసేసి, దాని చోట కొత్తది పెట్టింది. "ఏరేటర్లు వేసే పని ఇక్కడ లేదు. ప్రోగ్రాము అలారం మాత్రమే మోగిస్తుంది. ఇంతవరకు ఎందుకు రాయలేదో నాకు తెలియదు. ఊర్మిళ."

"ఇందులో నేను ఉండొచ్చా సార్?" అని అడిగింది.

"ఉండు" అన్నారు రంగరాజు గారు. "ఇక్కడ నువ్వు ఉండాలి." ఫోను అందుకుని, ఏ రైతుకు ముందు చెయ్యాలా అని వెతుక్కుంటూ, "ఇంతకీ ఈ అమ్మాయిని కాల్స్‌లో కూర్చోమని ఎవరన్నారు?" అన్నారు.

"మీరేనండి" అన్నాడు కిరీటి.

"అయితే నేనే వద్దంటున్నాను. ప్రెస్సుకి ఎల్లుండి పంపుదాం. మొత్తం ఇలాగే తిరగరాయమ్మా."

మాణిక్యాంబ గారు ఖాళీ గిన్నెలు సంచిలో సర్దుకుంటున్నారు. ఊర్మిళ వెళ్ళి సంచి అందుకుంది.

"మేడం, చదివాక అడగమన్నారు. నేను అనాలా, మనం అనాలా, మీరు అనాలా?"

"రాసే ముందు, ఆకు ఎవరి చేతిలో ఉందో చూడు."

కిరీటి రెండో చెప్పు వెతుక్కుంటూ వింటున్నాడు. ఊరుకోలేని మనిషి. "ఎవరి చేతిలోనూ లేకపోతేనో మేడం?" అన్నాడు.

పత్రి బుట్ట అడుగున ఒక ఉత్తరేణి రెమ్మ మిగిలిపోయి ఉంది. మాణిక్యాంబ గారు వంగి దాన్ని తీసి, అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశారు.

"ఇప్పుడు ఉందిగా."